ప్లగ్గు విప్పడం రాని కాలం

మా రోజుల్లో స్కూటరు నడపడం వచ్చిందంటే ప్లగ్గు విప్పడమూ వచ్చినట్టే. చేతక్ ఉన్నవాడి డిక్కీలో ప్లగ్గు పానా, గరుకు కాగితం, పాత గుడ్డ తప్పకుండా ఉండేవి. బండి మొరాయిస్తే పక్కకు వంచి కిక్కు కొట్టేవాళ్లం. అప్పటికీ లేవకపోతే పెళ్లికి తొడుక్కున్న తెల్లచొక్కాతోనే ప్లగ్గు విప్పేవాళ్లం.

ఇప్పటి బండ్ల జోలికి నేను పోను. 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక చాలావాటికి కార్బొరేటరే లేదు. చలికాలం పొద్దున్నే ఒక్క నొక్కుకే లేస్తున్నాయి, కాదనను. నా ఏడుపంతా మిరపచేలో మందు కొట్టే పెట్రోలు స్ప్రేయరు గురించి. వాటిలో చాలావరకు ఆ పాత టూ స్ట్రోకు ఇంజనే. మారింది మనిషే. నాలుగుసార్లు తాడు లాగడం, లేవలేదని టౌనుకు పరుగెత్తడం! షాపువాడు కార్బొరేటరు పోయిందంటే మారు మాట్లాడకుండా కొత్తది వేయించుకు రావడం!

ఒరే అబ్బాయ్, ఇంజనుకు కావలసినవి మూడే: గాలి కలిసిన పెట్రోలు, నిప్పురవ్వ, కంప్రెషను. ఇంజను చల్లారాక ప్లగ్గు విప్పి చూడు. తడిసి ఉంటే పెట్రోలు ఎక్కువైంది. తుడిచి బిగించి, చోకు తీసేసి లాగు. ఎంత లాగినా పొడిగానే ఉంటే పెట్రోలు అందట్లేదు. కుళాయి, ఫిల్టరు, జెట్టు చూసుకో. మసి పట్టి ఉంటే ముందు గాలి ఫిల్టరు శుభ్రం చెయ్యి. లేచి కాసేపాడి ఆగిపోతోందా? ట్యాంకు మూత వదులు చెయ్యి. అప్పుడు ఆడితే మూతకున్న గాలి బెజ్జం పూడిందన్నమాట. దాన్ని పిన్నీసుతో పొడవడానికి టౌనెందుకు? తాడు మరీ తేలిగ్గా వచ్చేస్తుంటే మాత్రం రింగులు అరిగి ఉంటాయి. అప్పుడు వెళ్లు మెకానిక్కు దగ్గరికి.

ఆయిలు సంగతీ అంతే. మాకు బంకులో కొలిచి, కళ్లముందే కలిపి పోసేవాళ్లు. ఇప్పుడంతా కంటి లెక్క. కంపెనీ చెప్పినదాన్ని బట్టి లీటరుకు 20 నుంచి 40 మిల్లీలీటర్లు పోయాలి. తగ్గితే పిస్టను పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గూ సైలెన్సరూ మసిబారతాయి. అది చదువుకోవడానికి పుస్తకం ఇచ్చారు కదా, అట్టపెట్టెలోంచి తీస్తేగా!

పైగా నిరుటి పెట్రోలు ట్యాంకులోనే వదిలేసి, ఈ ఏడు లేవట్లేదని తిట్లు. నిలవున్న పెట్రోలు కార్బొరేటరులో జిగురు కడుతుంది. ఇప్పుడు అందులో 20 శాతం దాకా ఇథనాలు కలుపుతున్నారు, అది తేమను లాగుతుంది. సీజను అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా ఆడించి పక్కన పెట్టాలి.

మేము రోగం తెలుసుకుని మెకానిక్కు దగ్గరికి వెళ్లేవాళ్లం. వీళ్లు వాడు చెప్పిన రోగానికి డబ్బు కట్టి వస్తున్నారు. వేల రూపాయల స్ప్రేయరు కొన్నవాడికి ఒక ప్లగ్గు పానా బరువైపోయింది మరి!