సోంపు పడిన ఆవకాయ

నోటీసు ఇంగ్లీషులో వచ్చింది కాబట్టి మొదట భయమేయలేదు. నా మెయిలుకి ఇంగ్లీషులో వచ్చేవన్నీ క్రెడిట్ కార్డు ఇస్తామనేవో, లాటరీ తగిలిందనేవో. కిందికి జరుపుతుంటే మా ఆవకాయ ఫొటో కనిపించింది. కళ్లజోడు తుడుచుకుని మొదటినుంచీ చదివాను. ఆ ఫొటో వాళ్ల ఫొటోగ్రాఫర్ తీసిందట. అడక్కుండా రెండేళ్లుగా మా వెబ్‌సైటులో వాడుకుంటున్నామట. 45 వేలు కడితే ఇక్కడితో వదిలేస్తారట.

బ్యాంకులో రిటైరయ్యాక మా ఆవిడ ఆవకాయని ఆన్‌లైన్లో అమ్మిపెట్టే పని నెత్తినేసుకున్నాను. కాయ ఏరడం, కొట్టించడం, ఆవపిండి పట్టించడం, కలపడం, జాడీకెత్తడం ఆవిడ వంతు. ఫొటో పెట్టడం నా వంతు. గూగుల్లో వెతికి, అన్నిటికన్నా ఎర్రగా ఉన్నదాన్ని ఎత్తుకొచ్చాను. ఎత్తుకొచ్చాను అని ఇప్పుడంటున్నా, అప్పుడు మాత్రం డౌన్‌లోడ్ చేశాననే అనుకున్నాను. మా అన్నయ్య కొడుకు సలహా మీద బొమ్మని ఎడమ కుడి తిప్పేశాను కూడా. కుడిపక్క చెంచా ఎడమపక్కకొచ్చింది. కింద ‘సౌజన్యం: గూగుల్’ అని వేశాను. పక్కవాడి సంతకం పెడితే ఏమవుతుందో ముప్పయ్యేళ్లు ఖాతాదార్లకి చెప్పిన మనిషిని!

గుంటూరులో వకీలుగా ఉన్న మా బావమరిదికి ఫోన్ చేశాను.

“ఫొటో మీద ఎవరి పేరూ లేదురా” అన్నాను.

“అక్కర్లేదు బావా. రిజిస్టర్ కూడా చేయించక్కర్లేదు. తీసిన క్షణం నుంచే హక్కు.”

“గూగుల్ పేరు వేశానుగా?”

“దొంగ గేదెని తోలుకొచ్చి, మెళ్లో సంత పేరు రాసి కట్టినట్టుంది. గూగుల్ చూపిస్తుంది, అంతే. దానిది కాదు.”

“చదువుకోడానికో, విమర్శ రాయడానికో వాడుకోవచ్చంటారే?”

“1957 చట్టం, 52వ సెక్షన్. నువ్వు ఆవకాయని విమర్శించావా? అమ్మావు.”

ఆ తర్వాత వాడు 63వ సెక్షన్ కూడా చదివాడు. తెలిసి చేశావని రుజువైతే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. ఫోను స్పీకరులో ఉన్న సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. వంటింట్లో పోపు గరిట చప్పుడు ఆగిపోయింది.

“కంగారుపడకు బావా, నోటీసు రాగానే డబ్బు కట్టేసేవాడు అమాయకుడు” అంటూ వాడు ఇంకో కథ చెప్పాడు. అమెరికాలో కెరోల్ హైస్మిత్ అనే ఫొటోగ్రాఫర్ తను తీసిన వేలాది ఫొటోల్ని, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఇచ్చేసింది. ఆ ఫొటోల్లో ఒకటి ఆవిడ సంస్థ తన వెబ్‌సైటులో పెట్టుకుంటే, 120 డాలర్లు కట్టమని ఉత్తరం వచ్చింది. ఆవిడ 2016లో కోర్టుకెక్కి ఏకంగా వంద కోట్ల డాలర్లు అడిగింది. అందులో చాలామట్టుకు కోర్టు కొట్టేసిందట గానీ, నాకు ఆ ముక్క వినబడలేదు. వంద కోట్ల దగ్గరే చెవులు ఆగిపోయాయి. మీ హక్కుకి రుజువేమిటో చూపించమని దర్జాగా జవాబు రాశాను.

మర్నాటికల్లా చూపించారు. అసలు ఫొటో, తీసిన తేదీ, కెమెరా వివరాలు, ఫొటోగ్రాఫర్‌తో ఒప్పందం, అన్నీ. బొమ్మని తిప్పితే కనిపెట్టలేరనుకున్నాను కదా, వాళ్లు ఆ వెతికే పని అప్పజెప్పింది మనిషికి కాదు. చెంచా ఎటుందో దానికి అనవసరం.

అసలు ప్రమాదం నోటీసులో లేదు, ఆ పెద్ద ఫొటోలో ఉంది. మా వెబ్‌సైటులో అది అగ్గిపెట్టంత ఉండేది. ఇప్పుడు కంప్యూటర్ తెర నిండా పరుచుకుంది. మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

“ఏవండీ, ఇదేమిటి?” అని తెర మీద వేలు పెట్టింది.

ముక్క పక్కన ఆకుపచ్చటి గింజ. దాని పక్కన ఇంకోటి.

“సోంపు” అంది. “నా ఆవకాయలో సోంపు! ముక్కకి టెంకేదీ? నూనె చూడండి, నువ్వుల నూనెకి ఆ రంగుంటుందా? రెండేళ్లు నా పేరు కింద ఎవరిదో ఉత్తరాది ఊరగాయ పెట్టారా?”

చట్టం ప్రకారం నేను చేసింది ఒక తప్పు. ఇంట్లో దానికి పేరు కూడా లేదు. కిందటేడు హైదరాబాదు నుంచి ఒకాయన ‘ఫొటోలోలాగే ఉంది’ అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు ఇప్పుడు ఆవిడకి తిట్టులా వినబడింది.

డబ్బు సంగతి త్వరగానే తేలింది. ఫొటో తీసేశాను, క్షమించమన్నాను, బేరం మొదలెట్టాను. పది కిలోల ఆవకాయ పంపుతానని రాస్తే, తాము వస్తువులు స్వీకరించలేమని మర్యాదగా జవాబిచ్చారు. 12 వేల దగ్గర తెగింది. కిలో 600 చొప్పున ఇరవై కిలోల ఆవకాయ. మా ఆవిడ ఆ లెక్క నోటితోనే వేసింది.

“అయితే నా ఆవకాయకి కూడా ఆ హక్కేదో రాయించరా” అని తమ్ముణ్ని అడిగింది. కుదరదన్నాడు వాడు. ఆలోచనకి కాపీరైట్ లేదు, దాన్ని వ్యక్తపరిచిన తీరుకే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లోనే చెప్పిందట. వంటకం ఎలా చేయాలో రాసిన మాటలకి హక్కుంటుంది గానీ, ఆవపిండి ఎంత, కారం ఎంత అన్న పాళ్లకి ఉండదు. మరి ఫొటోకో? తీసినవాడు బతికున్నంతకాలం, పోయాక ఇంకో 60 ఏళ్లు. 2012 సవరణకి ముందు, అచ్చయిన దగ్గర్నుంచి లెక్కేసి 60 ఏళ్లే ఉండేది. దాన్నీ పెంచారు.

“మా అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చిన పాళ్లకి ఏమీ లేదు. మీటనొక్కినవాడికి మాత్రం మనవల దాకానా?” అంది. నా దగ్గర జవాబు లేదు. బావమరిది దగ్గర కూడా లేదు. లైన్లో ఉన్నాడో లేదో అనిపించేంత నిశ్శబ్దంగా ఉన్నాడు.

ఆదివారం పొద్దున్నే మా జాడీని పెరట్లో అరుగు మీద పెట్టి నేనే ఫొటో తీయడానికి కూచున్నాను. అరవై తీశాను. కొన్నిట్లో ఆవకాయ ఇటుకపొడిలా ఉంది, కొన్నిట్లో నా నీడ పడింది. ఎడం పక్కనుంచి తీయమని, వాసెన గుడ్డ అలాగే కనబడనిమ్మని, ముక్క టెంక పైకుండేట్టు పెట్టమని ఆవిడ చెబుతూనే ఉంది. మధ్యలో కాఫీ తెచ్చిచ్చింది. యాభై నాలుగోది కుదిరింది. ఊటలో టెంక మెరుస్తోంది, ఓ మూల ఆవిడ గాజుల చెయ్యి పడింది.

ఈ ఫొటో మీద హక్కు మాత్రం నాదేనని కాస్త గర్వంగా అన్నాను. ఆవిడ తమ్ముడికి ఫోన్ కలిపింది.

“17వ సెక్షన్ అక్కా” అన్నాడు వాడు హుషారుగా. “ఒకరు అడిగితే, ప్రతిఫలం తీసుకుని ఫొటో తీస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు అడిగినవాళ్లదే. బావకి ఏమైనా ఇచ్చావా?”

మా ఆవిడ నా చేతిలో ఖాళీ గ్లాసు వైపు చూసింది.