సెషను సిద్ధాంతిగారు

మాదాపూరు కార్యాలయములలో అంతస్తున కొకరు చొప్పున గానవచ్చు ఈ మహానుభావుని మేము సెషను సిద్ధాంతిగారని వ్యవహరింతుము. పీహెచ్‌పీలో వ్రాసిన యే అంగడి సైటులోనైనను, లాగిన్ చేసి లోనికి వచ్చిన ఖాతాదారుడు రెండవ పుట తెఱచునంతలో అపరిచితుడై మరల గుమ్మము కడకే చేరుచున్నాడన్న ఫిర్యాదు చెవిని బడినంతనే, జాతకచక్రము ముందిడుకొన్న దైవజ్ఞునివలె కండ్లజోడు సవరించుకొని, “దోషం కోడ్‌లో లేదు నాయనా, కాన్ఫిగరేషన్‌లో ఉంది” అని ఆయన సెలవిచ్చును.

ఆధారము లేకపోలేదు. ముట్టక విడిచిన సెషనును చెత్తక్రింద జమకట్టుటకు ఆ భాష విధించిన గడువు 1440 సెకన్లు. అనగా 24 నిమిషములు. అనగా, సిద్ధాంతిగారు వ్రేళ్లపై గుణించి ఆనందబాష్పములతో ప్రకటించినట్లు, సరిగా ఒక ఘడియ! గ్రీన్లాండున బుట్టిన రాస్మస్ లెర్డార్ఫు మన పంచాంగము చదువక ఈ భాషను గల్పించియుండడని ఆయన దృఢవిశ్వాసము. (సెషనులు 2000లో నాలుగవ వెర్షనుతో గాని ఆ భాషలో నిమిడిపోలేదని విన్నవించితిమి, విన్నవారు లేరు.)

ఘడియ చాలదని పది ఘడియలు, అనగా 14400, వ్రాసెను. ఫలము శూన్యము. సెషను ఫైళ్లుండు ఫోల్డరునకు 777 అనుమతి యిచ్చి సత్రము తలుపులవలె బార్లా తెఱచెను. సర్వరు చూచుకొను కుఱ్ఱవాడు గుండె బాదుకొనెను. మార్పు మార్పునకు అపాచీని రీస్టార్టు చేయుచు, కుకీని, బ్రౌజరును, తుదకు ఖాతాదారుని శీలమును గూడ శంకించెను. ఎఱ్ఱర్లు తెరపై గనబడుట అశుభమని వాని ప్రదర్శనమును మొదటి దినముననే ఆపివేసియుండెను.

మూడవనాడు, అమీర్‌పేటలో కోర్సు ముగించి వారమైనను కాని యొక అమ్మాయి పీహెచ్‌పీ ఇన్ఫో పుట తెఱచి, “సార్, మీరు మారుస్తున్నది కమాండ్ లైన్ వాడే ఐఎన్‌ఐ అండీ; అపాచీ చదివేది వేరే” అని మెల్లగా జెప్పెను. ప్రక్కింటి పాదునకు నీరు పోసి తన బీర కాయలేదని వగచిన చందమాయెను. పిదప ఆ పిల్లయే లాగ్ ఫైలు విప్పి, హెడర్లు ముందే వెడలిపోయినవను హెచ్చరికను జూపెను. రెండవ పుట మొదట, పీహెచ్‌పీ గుర్తునకు ముందు, ఒక ఖాళీ పంక్తి కలదు. అది తానే ముందుగ బ్రౌజరునకు బయలుదేఱుటచే సెషను ఆరంభము కాజాలకున్నది. ఆ పుట సిద్ధాంతిగారి స్వహస్తలిఖితము.

ఆయన కండ్లజోడు తీసి, తుడిచి, మరల ధరించి, ఆ పంక్తిని చాలసేపు తిలకించి, “దీన్ని మూడుసార్లు చూశానమ్మా, ఇందులో ఏమీ లేదే!” అనెను.