డేటా చేతికొచ్చిన కొత్తలో వినకూడని సలహాలు

"అంకె వింతగా ఉంటే తీసెయ్." భూమి, సముద్రం, వాతావరణం కొలతలతో పనిచేసేవాళ్లకు మొదట్లోనే వినబడే సలహా ఇది. వినకండి. నాసా ఉపగ్రహం నింబస్-7 ఓజోన్‌ను కొలిచిన రోజుల్లో 180 డాబ్సన్ యూనిట్లకు తగ్గిన ప్రతి రీడింగుకూ అనుమానం గుర్తు పడేది. అంత తక్కువ ఓజోన్ ఉండదని అప్పటి నమ్మకం. 1985లో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే ముగ్గురు అంటార్కిటికాలోని హాలీ బేలో నేల మీంచి తీసిన కొలతలను ప్రచురించారు. ఓజోన్ నిజంగానే తరిగిపోతోందని అప్పుడు తేలింది. నాసా కంప్యూటర్లు ఆ అంకెలను పారేశాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు, గుర్తు పెట్టి దాచారు. దాచబట్టే 1986కల్లా ఆ పాత రీడింగుల నుంచే ఓజోన్ రంధ్రం ఎంత మేర పరుచుకుందో చూపగలిగారు. అనుమానం ఉంటే అంకె పక్కన రాయండి, అంకెను మాత్రం ముట్టుకోవద్దు.

"ఫైలు బరువవుతోంది, ఫ్లాగుల కాలమ్ తీసేద్దాం" అనేది దీనికి తోడబుట్టిన సలహా. సముద్రంలో తేలే ఆర్గో పరికరాల రీడింగులు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌కు చేరతాయి. వాటిలో ప్రతి విలువ పక్కనా ఒక ఫ్లాగు ఉంటుంది: 1 అంటే మంచిది, 4 అంటే చెడ్డది. ఆ కాలమ్ పోతే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

"ఖాళీ గడిలో సున్నా పెట్టు." వాన పడకపోవడం వేరు, ఎవరూ వెళ్లి కొలవకపోవడం వేరు.

"తేదీ చాలు, వేళ ఎందుకు?" మన వాతావరణ శాఖ ఉదయం 8:30కి వర్షపాతం కొలిచి, అంతకుముందు 24 గంటల వాననంతా ఆ తేదీ కిందే రాస్తుంది. పదో తారీఖు సాయంత్రం కురిసిన వాన పదకొండో తారీఖు లెక్కలోకి వెళ్తుంది. గ్రీనిచ్ రోజు ప్రకారం కట్టిన ఉపగ్రహ లెక్కలో అదే వాన పదో తారీఖునే ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, వేళ సంగతి చూడకుండా ఉపగ్రహాన్ని తప్పుపట్టడం అన్యాయం.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది, "అంకెలు ఎక్కించాం కదా, పాత పుస్తకాలు దేనికి?" అనే మాట. లిబియాలోని ఎల్ అజీజియాలో 1922 సెప్టెంబరు 13న నమోదైన 58 డిగ్రీల సెల్సియస్ వేడి తొంభై ఏళ్లు ప్రపంచ రికార్డుగా చెలామణీ అయింది. 2012లో ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని రద్దు చేసింది. కొలిచే మనిషి మారినట్టు, అంకెలు ఒక గడిలోవి ఇంకో గడిలో పడినట్టు పట్టిచ్చింది ఆనాటి చేతిరాత పుస్తకమే. మీ స్టేషన్లో పుస్తకాలుంటే అట్టలతో సహా స్కాన్ చేయించండి. పరికరం ఎప్పుడు మార్చారో ఆ అట్ట లోపలే రాసి ఉండొచ్చు.