రెండవ సైకిలు ఆత్మకథ

నేనొక సైకిలును. బెల్జియము దేశమున, ఫ్లాండర్స్ సీమలో, శీతకాలపు ఆదివారములయందు పచ్చిక బయళ్లమీదను అడవి గుట్టలమీదను రొంపిలో జరుగు సైక్లోక్రాస్ పందెములకై నిర్మింపబడితిని. అయినను పందెము ఆరంభమగు గీతకడ నేను నిలువను. అచట నిలుచునది నా తోబుట్టువు. సీటు ఎత్తు మొదలుకొని హాండిలు వంపు వరకు వెంట్రుకవాసి భేదమైనను లేకుండ మమ్మిరువురను కూర్చినారు. ఏలయన, పరుగున వచ్చి ఒకదానిని విడిచి వేరొకదానిపై కెగురు రౌతు దేహమునకు ఆ మార్పు తెలియరాదు. నా స్థానము పిట్, అనగా పందెము నడుమ రౌతు సైకిలు మార్చుకొను చోటు. నా బ్రతుకంతయు అచట వేచియుండుటయందును, అచటి మనుష్యుల చేతులలోను గడచినది. కావున నా కథ చెప్పుకొనుట యనగా వారి కథ చెప్పుటయే.

ఈ క్రీడకు పుట్టినిల్లు ఫ్రాన్సు. 1902లో అచట మొదటి జాతీయ పోటీ జరిగెను. 1910లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన ఒక్తావ్ లాపీజ్ ఈ శీతకాలపు సాధనవలననే తనకు బలము చేకూరినదని చెప్పిన పిమ్మట దీనికి ప్రతిష్ఠ హెచ్చెను. 1950లో పారిస్ నగరమున జరిగిన మొదటి ప్రపంచ పోటీయందు జాఁ రోబిక్ విజేత యయ్యెను. తరువాతి కాలమున ఫ్లాండర్స్ బిడ్డ ఎరిక్ డి వ్లామింక్ ఏడు పర్యాయములు ప్రపంచ విజేత యగుటతో ఈ క్రీడ ఆ సీమవారి యింటి సొత్తయినది. ఈ చరిత్రయంతయు రౌతులది. నావంటి రెండవ సైకిలు ఉనికికి ఆధారమైనది మాత్రము ఒక నియమము: పందెము నడుచుచుండగా సైకిలు మార్చుకొనవచ్చును గాని, ఆ మార్పు పిట్‌లోనే జరుగవలెను. మూడు కిలోమీటర్లకు అటునిటుగ నుండు చుట్టు ఆ పిట్ ప్రక్కగా రెండుమారులు పోవునట్లు బాట వేయుదురు.

గావెరె అను ఊరు షెల్డ్ నదీలోయలో నున్నది. అచటి గుట్టలమీద వాన కురిసిన దినమున పందెము చూచినవారికి ఆ నియమములోని అంతరార్థము బోధపడును. నల్లరేగడి చేనిలో తొలకరినాడు నాలుగడుగులు వేసిన తెలుగు పాఠకులకు ఆ అడుసు స్వభావమును వేరుగ వర్ణింప నక్కరలేదు. మా టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు మించరాదు; అందలి గాలియొత్తిడి రోడ్డు సైకిలులోని దానికంటె ఎంతో తక్కువ. మెత్తనైన ఆ టైరు బురదను పట్టుకొనుచు ముందుకు పోవునుగాని, పట్టుకొన్న బురదను విడువదు. ఫ్రేమునకు చక్రమునకు నడుమ నున్న సందు మొదట పూడిపోవును. పిదప గడ్డిపోచలు గొలుసువెంట వచ్చి పళ్లచక్రముల నడుమ తాడువలె పేనుకొనును. పెడలులో బూటు బిగియు చోట మట్టి మేకువేసినట్లు కూరుకొనును. పందెమారంభమున సుమారు ఎనిమిది కిలోలున్న సైకిలు అరచుట్టు తిరిగివచ్చునప్పటికి పలు కిలోలు పెరిగియుండును. దానిని భుజమున కెత్తుకొని గుట్టయెక్కు రౌతునకు ఒక్కొక్క కిలో ఎంతటి భారమో ఊహించుకొనుడు.

నా రౌతు ఒక యువతి. గొప్ప జట్టులోనిది కాదు. జీతమిచ్చి మెకానిక్కులను పెట్టుకొను స్తోమత లేదు. పిట్‌లో ఆమెకు తండ్రియు అన్నయు గలరు. ఆమె మట్టిసైకిలును విడిచినచోట అన్న నిలుచును. దూకివచ్చు ఆ సైకిలు నేలగూలక మునుపే పట్టుకొని, దానితో ప్రెషర్ వాషర్ల కడకు పరుగెత్తును. అచట బారులు తీరిన వేరు జట్లవారు కలరు. ఎంత తొందరయున్నను ఒకరినొకరు త్రోసికొనరు. తన పని ముగిసిన క్షణమే వెనుకవానికి నీటిగొట్టమందించుట అచటి మర్యాద. చక్రములు, గొలుసు, పెడళ్లు ఈ వరుసలో నీటిధార పట్టును. ఇరుసుల బేరింగులపై మాత్రము సూటిగ పట్టడు, లోని గ్రీజు కొట్టుకొనిపోవును గనుక. పేనుకొన్న గడ్డిని వ్రేలితో పెరికి, గుడ్డతో తుడిచి, గొలుసునకు నూనె చిలికి, పెడలును చేతితో త్రిప్పుచు గేరులన్నియు ఒకసారి మార్చి చూచును. చలికి వ్రేళ్లు కొంకరలు పోయి ఎఱ్ఱబారియుండును. తొడుగులు వేసికొన్నచో గడ్డి చేతికి చిక్కదని అతడు వట్టిచేతులతోనే పనిచేయును. ఈ పనికంతకు వారికున్న వ్యవధి నాలుగు నిమిషములు. అందులో సగము వాషరు కొరకు వేచుటకే చెల్లును.

"నాన్నా, వెనుక బ్రేకు పట్టు తగ్గింది. దిగేటప్పుడు చూసుకోమని చెల్లికి చెప్పు" అని నన్ను తండ్రిచేతి కిచ్చును. తండ్రి పని చూచుటకు సులభము, చేయుటకు కాదు. పిట్‌నకు ఒకవైపు దాటినచో ఎక్కుడు, రెండవవైపు దాటినచో చదునుబాట. కావున ఏవైపు నన్నందించునో దానికి తగిన గేరు ముందే వేసి, ఆమె కాలు తడుముకొననక్కర లేకుండ పెడలును సరియైన ఎత్తున నిలిపి, సీటు పట్టుకొని నిలువవలెను. ఆమె వచ్చును, తోబుట్టువును విడుచును, రెండంగలు పరుగిడి నా హాండిలు పట్టును. "తేలిక గేరులో పెట్టానమ్మా, తొక్కు!" అను మాట ఆమె చెవిని పడునప్పటికే నేను పిట్ దాటియుందును.

ఒకనాడు పిట్ దాటి వంద గజములైనను పోకముందే నా తోబుట్టువు వెనుక గేరు యంత్రము గడ్డి చుట్టుకొని వంగి చువ్వలలో దూరెను. దానిని ఫ్రేమునకు తగిలించు చిన్న లోహపుముక్క పుటుక్కున విరిగెను. పిట్ కంటి యెదుటనే యున్నది. కాని బాటకెదురుగ వెనుకకు మరలుట నిషిద్ధము. ఆమె సైకిలును భుజమున వేసికొని అరచుట్టు దూరము ఆ రొంపిలో పరుగెత్తెను. ఆమె వెంట రావలసినవారు ఒకరొకరే పిట్ ప్రక్కగా పోవుచుండగా తండ్రి నన్ను పట్టుకొని మాటాడక నిలిచియుండెను. నా సీటుమీద ఆయన పట్టు బిగియుట నే నెరుగుదును. ఆమె కానవచ్చినంతనే ఆయన ఏమైనదని అడుగలేదు, తొందరపెట్టలేదు. గేరు ఏదో చెప్పి నన్నిచ్చెను. పోగొట్టుకొన్న స్థానములలో కొన్నింటిని ఆమె ముగింపునకు ముందు తిరిగి సంపాదించెను. ఆనాటి నుండి ఇదియే నా యెరుక: రౌతు ధైర్యములో ఒక పాలు పిట్‌లో భద్రపరుపబడియుండును.

మా జాతికి ఒక కళంకమును కలదు. దానిని దాచుట ధర్మము కాదు. 2016లో జోల్డర్‌లో జరిగిన ప్రపంచ పోటీలయందు పిట్‌లో నున్న ఒక సైకిలు ఫ్రేములో దాచిన మోటారు బయటపడెను. అట్టి యంత్రమోసము పట్టుబడుట ఈ క్రీడలో అదియే ప్రథమము. ఆ రౌతునకు ఆరేండ్ల నిషేధము విధింపబడెను. ఆ వార్త విని నేను పడిన క్షోభ ఇంతింత యనరాదు. చలిలో వట్టిచేతులతో నన్ను కడుగువాని కష్టమునకు ఆ మోటారు చేసిన అవమానమే నన్ను అధికముగ బాధించినది.

ప్రేక్షకులు పోయిన పిమ్మట మాకు మరల స్నానము. నా బేరింగులు విప్పి తుడిచి గ్రీజు పట్టింతురు. అరిగిన బ్రేకు ముక్కలు మార్తురు. రాబోవు వారము ఇసుకబాట యైనచో, బురద టైర్ల చక్రములు తీసి నునుపు టైర్ల చక్రములు తగిలింతురు. ఆ టైర్లను రిమ్మునకు జిగురుతో అతికించుట రోజుల తరబడి సాగు పని. పూత ఆరిన పిదప మరియొక పూత. ఇదియంతయు తండ్రి తన ఉద్యోగము నుండి వచ్చి భోజనము చేసిన పిమ్మట, రాత్రివేళ చేయుచుండును. ఫలితముల పట్టికలో ఆయన పేరుండదు.

పాఠకులారా, మీ వారెవరైనను బెల్జియమునందో నెదర్లాండ్సునందో యుండి, డిసెంబరు మాసమున మీరచటికి పోవుట తటస్థించినచో, ఒక ఆదివారము పందెమునకు పొండు. ముగింపు గీతకడ అందరును నిలుచుందురు. మీరు పిట్ కంచెకడ రెండు చుట్లు నిలిచి, ఆ చేతులను చూడుడు. రబ్బరు బూట్లు మాత్రము తప్పక తొడుగుకొని పోవలెను.