ఏనుగుకు గెజిట్, మామిడికి చెక్‌పోస్టు, మనిషికి హాజరు

చిత్తూరు జిల్లా పొలిమేర దాటి లోపలికి రావడానికి మూడు దారులున్నాయి. ఏనుగుగా రావచ్చు, మామిడికాయగా రావచ్చు, మనిషిగా రావచ్చు. బుద్ధున్నవాడు మొదటి దారే పట్టాలి.

1980ల్లో కర్ణాటక, తమిళనాడు అడవుల్లో మేతా నీళ్లూ కరువై, నడిచే దారులు తెగిపోయి, ఏనుగుల గుంపులు కుప్పం, పలమనేరు వైపు దిగాయి. అంతకుముందు రెండు వందల ఏళ్లుగా ఈ అడవుల్లో ఏనుగుల జాడ లేదంటారు. అంటే అసలు సిసలైన వలసదారులు. ఏ దేశం, ఏ మతం, ఏ తేదీన వచ్చావని ఎవరూ అడగలేదు. 1990లో ప్రభుత్వం కౌండిన్య అభయారణ్యం పేరిట దాదాపు 357 చదరపు కిలోమీటర్లు రాసిచ్చేసింది. ఆ అభయానికి కిస్తీ కడుతున్నది మాత్రం మొగిలి ఘాటు కిందా మీదా ఉన్న రైతులు. చెరుకు పోయింది, వరి పోయింది, కాపుకొచ్చిన మామిడి చెట్లు విరిగాయి, మనుషుల ప్రాణాలూ పోయాయి. అయినా ఏనుగును స్థానికత సర్టిఫికెట్ తెమ్మన్న తహసీల్దారు ఇంతవరకూ లేడు.

ఈ అడవి ఏనుగుల్ని అదుపు చేయడానికి మళ్లీ ఏనుగుల్నే తెచ్చాం. 2025 మే 21న బెంగళూరు విధానసౌధ ముందు కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య గారు తర్ఫీదు పొందిన నాలుగు కుంకీ ఏనుగుల్ని, కాగితాలతో సహా, పవన్ కల్యాణ్ గారికి అప్పగించారు. ముందు ఒప్పందం, తర్వాత అప్పగింత, పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం. షెడ్డు, మావటి, వేళకు తిండి. ఇంత పద్ధతిగా జరిగిన పునరావాసం నేను మరొకటి చూడలేదు.

దానికి సరిగ్గా రెండు రోజుల ముందు, మే 19న, ఢిల్లీలో సుప్రీంకోర్టు ముందుకు ఒక శ్రీలంక తమిళుడి కేసు వచ్చింది. శిక్షాకాలం అయిపోయింది, తిరిగి పంపితే ప్రాణానికి ముప్పు, ఇక్కడే ఉండనివ్వండి అన్నాడు. ఉన్న 140 కోట్ల మందితోనే సతమతమవుతున్నాం, ప్రపంచంలోని శరణార్థులందరికీ చోటివ్వడానికి ఇదేం ధర్మసత్రం కాదు అంది ధర్మాసనం. కోర్టు మాట మీద మాట అనేంతటి వాణ్ణి కాను. కానీ తిరుపతి కొండ నీడలో బతికేవాడి ముందు సత్రాలను తక్కువ చేస్తే కొంచెం గుచ్చుకుంటుంది. తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర గోవిందరాజస్వామి సత్రాల్లో చాప పరుచుకోని కుటుంబం ఈ జిల్లాలో ఎన్ని ఉంటాయి?

మామిడికాయ సంగతి వేరు. 2025 జూన్ 7న చిత్తూరు కలెక్టర్ గారు పొరుగు రాష్ట్రాల తోతాపురి మా జిల్లాలోకి రాకూడదని ఉత్తర్వు ఇచ్చారు. చెక్‌పోస్టులు పెట్టారు, లారీలు ఆపారు. నాలుగు రోజులకే కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. నిజం చెప్పాలంటే ఆ ఉత్తర్వులో అర్థముంది. మన కాయనే కొనే దిక్కులేదు. గుజ్జు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలోకు 12 అన్నా, బంగారుపాళ్యం యార్డు చుట్టూ ట్రాక్టర్లు బారులు తీరిన సంవత్సరమది. జులైలో మాజీ ముఖ్యమంత్రి వచ్చిన రోజున కాయలు రోడ్డు మీద పడి టైర్ల కింద గుజ్జయ్యాయి. ఫ్యాక్టరీకి పోకుండానే గుజ్జు తీసిన ఘనత మనదే. నేననేది ఏమిటంటే, కాయను ఆపాలన్నా ఒక ఉత్తర్వు ఉంది, తేదీ ఉంది, కారణం ఉంది, కాయ తరఫున అడగడానికి ఒక ముఖ్యమంత్రి ఉన్నాడు.

మనిషికి అవేమీ లేవు. 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థి ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదు. సొంతంగా చట్టమూ చేసుకోలేదు. ఇల్లు కాలి పరుగెత్తుకొచ్చినవాడూ, తాజ్‌మహల్ చూసిపోదామని వచ్చినవాడూ చట్టం దృష్టిలో ఒకటే, విదేశీయులు. 2019 పౌరసత్వ సవరణలో మూడు దేశాలు, ఆరు మతాలు ఉన్నాయి. శ్రీలంక అందులో లేదు. తప్పు వాళ్లదే, సముద్రం మీదుగా ఎవరు రమ్మన్నారు?

అనుమానముంటే చిత్తూరులో బస్సెక్కండి. ఒంట్లో బాగాలేనప్పుడు సీఎంసీ ఆసుపత్రికి పరుగెత్తే వేలూరే. ఆ ఊరి దగ్గర మేల్‌మొణవూరులో శ్రీలంక తమిళుల క్యాంపు ఉంది. 1983 నుంచి పడవల్లో వచ్చినవాళ్ల కోసం తమిళనాడు అంతటా వెలిసిన వంద పైచిలుకు క్యాంపుల్లో అదొకటి. వాటిలో ఇప్పటికీ 58 వేల మంది దాకా ఉన్నారు. పది అడుగులకు పది అడుగుల గది, అందులోనే పొయ్యి, అందులోనే పెళ్లీడు పిల్ల, అందులోనే మంచం పట్టిన ముసలమ్మ. క్యాంపులో హాజరు తీసుకునే రోజున మేస్త్రీ పనికి పోయినవాడైనా సరే వచ్చి నిలబడి ఉన్నానని చెప్పుకోవాలి. ఇక్కడే పుట్టిన మనవడు కూడా లంకవాడే. 2021లో తమిళనాడు ముఖ్యమంత్రిగా స్టాలిన్ గారు ముందు బోర్డు మార్చారు, శరణార్థి శిబిరం పునరావాస శిబిరమైంది. అదే ఏడాది నవంబరులో మేల్‌మొణవూరులో పక్కా ఇళ్లకు శంకుస్థాపన చేసి, 2023 సెప్టెంబరులో తాళాలిచ్చారు. నలభై ఏళ్లకు ఇల్లు. వెక్కిరించడానికి నోరు రావడం లేదు, మనం అదీ చేయలేదు కాబట్టి.

ఆ ఇళ్లలో ఓ యాభై మన బంగారుపాళ్యం మండలంలో కడతామని ఎవరైనా అన్నారనుకుందాం. ఎవరూ అనలేదు, గాబరా పడొద్దు. కేవలం అనుకుందాం. గ్రామసభ నా కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది.

“పాపం, వాళ్లకి ఇల్లు ఇయ్యాల్సిందేనబ్బా. మన ఊర్లో ఎందుకనేదే నా ప్రశ్న” అంటాడు హైవే పక్కన వెంచరు వేసినాయన.

“వాళ్లొస్తే మన పిలకాయల ఉద్యోగాలు యాడికి పోవాల?” అంటాడు ఇంకొకాయన. ఆయన పెద్దబ్బాయి బెంగళూరులో, చిన్నబ్బాయి డల్లాస్‌లో ఉన్నారు. ట్రంపు పరాయోళ్లను తరుముతున్నాడని పొద్దునే టీ అంగట్లో బల్ల గుద్ది తిట్టొచ్చాడు.

“వాళ్ల అరవం మనకేం అర్థమవతాది?” అని మూడో గొంతు. సభలో సగం మంది ఇంట్లో రాత్రి నడిచేది అరవ సీరియలే.

వెనక బెంచీలో ఒక ముసలాయన లేచి, “విశాఖపట్నంలో బర్మా క్యాంపు అని ఉండాది నాయనా. రంగూన్‌లో మిలిటరీ వాళ్లు గద్దెనెక్కినాక కట్టుబట్టలతో ఓడెక్కి వచ్చినోళ్లు. మనోళ్లే, తెలుగోళ్లే. అరవై ఏళ్లయినా ఆ పేటకి క్యాంపనే పేరు పోలా” అంటాడు. మైకు సరిగా పనిచేయలేదని మినిట్స్‌లో ఆ మాట రాయరు.

చివరికి తీర్మానం ఏకగ్రీవం. శరణార్థుల పట్ల గ్రామం సంపూర్ణ సానుభూతి ప్రకటిస్తోంది. నీటి ఎద్దడి దృష్ట్యా స్థలం ఇక్కడ అనుకూలం కాదు. పలమనేరు మండలంలో ఇస్తే అభ్యంతరం లేదు. అదే రోజు పలమనేరులోనూ సభ జరుగుతుంది. అక్కడా ఇదే తీర్మానం, ఇదే సానుభూతి, ఇదే నీటి ఎద్దడి. ఊరి పేరు దగ్గర మాత్రం బంగారుపాళ్యం అని ఉంటుంది.