పదికిపది గారు

డల్లాస్ ఉత్తర శివార్లలో, ఫ్రిస్కోలో గానీ ప్రాస్పర్‌లో గానీ, వారాంతం ఓపెన్ హౌస్ ఎక్కడ పెట్టినా పదికిపది గారు అక్కడ ఉంటారు. గుర్తుపట్టడం కష్టం కాదు. వాళ్లావిడ వంటింట్లో అల్మారాలు తెరిచి చూస్తుంటుంది, పిల్లలు మేడమెట్ల మీద పరుగులు పెడుతుంటారు, ఆయన మాత్రం ఇంటి వంక చూడకుండా ఆ ఇంటికి పడే మూడు స్కూళ్ల రేటింగులు ఫోన్‌లో చూస్తుంటారు. ఎలిమెంటరీ పది, మిడిల్ పది, హైస్కూలు తొమ్మిది. ఆ తొమ్మిది దగ్గర మొహం వాడిపోతుంది. ఏజెంటు కూడా మనవాడే కనుక నొప్పి తెలుసుకుని, "పోయినేడు దాకా పదే అన్నా, మళ్లీ వచ్చేస్తుంది" అని ఓదారుస్తాడు. ఉత్తర టెక్సస్‌ది బంకమట్టి నేల, వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి పునాదులను కదిలిస్తుంది. కొనేవాడు ముందు అడగవలసింది పునాది సంగతి. ఆయన దాన్ని అడగరని కాదు, రెండో విడతలో అడుగుతారు. ఆయన ఎక్సెల్ షీటులో గుమ్మం తూర్పుదా కాదా, కార్యసిద్ధి హనుమాన్ గుడికి ఎన్ని నిమిషాలు, కమ్యూనిటీలో మనవాళ్లు ఎంతమంది అన్న గడులన్నీ ఉన్నాయి. అయితే స్కూలు రేటింగు రాసే మొదటి గడిలో ఎనిమిదికి తక్కువ పడితే ఆ వరసంతా దానంతటదే ఎర్రబడిపోతుంది. దక్షిణం గుమ్మానికి పంతులుగారు ఏదో ఒక పరిహారం చెబుతారు, ఏడు రేటింగుకు పరిహారం లేదు.

ఈ మనిషిని చూసి నవ్వడం తేలికే గానీ, ఆయన వెనక పెద్ద చరిత్రే ఉంది. పిల్లల చదువుల కోసం పొలం కౌలుకిచ్చి గుంటూరులోనో విజయవాడలోనో కాపురం పెట్టిన తరానికి ఆయన వారసుడు. ఎంసెట్ ర్యాంకు ఒక్కటే మనిషి వెలకట్టిన కాలంలో పెరిగినవాడు. అంకె మీద నమ్మకం ఆయనకు అమెరికా నేర్పింది కాదు, సూట్‌కేసులో ఆవకాయ సీసాతో పాటు వచ్చింది. ఇక్కడ ఆ నమ్మకానికి సరిపడా సరుకు దొరికింది, అంతే. 1998లో కాలిఫోర్నియాలో మొదలైన గ్రేట్‌స్కూల్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఒక్కో స్కూలుకు ఒకటి నుంచి పది దాకా మార్కు వేస్తుంది. జిల్లో, రెడ్‌ఫిన్ లాంటి ఇళ్ల సైట్లు దాన్ని ఇంటి ధరకు దగ్గర్లోనే చూపిస్తాయి. ధర పక్కన కనిపించే అంకె ఏదైనా నాణ్యతలాగే కనిపిస్తుంది. నా అభ్యంతరం ఆయన స్కూలు గురించి పట్టించుకుంటున్నాడని కాదు. ఆ అంకెలో ఆయన చూస్తున్నది స్కూలును కాదు, తనను తానే.

దీనికి ఆధారం పాతదే. పౌరహక్కుల చట్టం కింద అమెరికా ప్రభుత్వం చేయించిన సర్వేలో, సుమారు ఆరు లక్షల మంది పిల్లల వివరాలు పరిశీలించి, 1966లో సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్మన్ బృందం ఒక నివేదిక ఇచ్చింది. పిల్లల మార్కుల్లో తేడాలను స్కూలు భవనాల కన్నా, పెట్టే ఖర్చు కన్నా, ఇంటి పరిస్థితే ఎక్కువగా వివరిస్తుందని అది తేల్చింది. ఇప్పుడు పదికిపది గారి ఇల్లు చూడండి. తల్లిదండ్రులిద్దరివీ మాస్టర్స్ డిగ్రీలు, ఇద్దరివీ ఉద్యోగాలు. మూడో తరగతి పిల్లకు సాయంత్రం కుమాన్, శనివారం స్పెల్లింగ్ బీ తయారీ, ఆదివారం రోబోటిక్స్, మధ్యలో ఊపిరాడితే కూచిపూడి. ఈ పిల్ల ఏ స్కూల్లో కూర్చున్నా రాష్ట్ర పరీక్షలో మార్కులు వస్తాయి. ఇలాంటి నాలుగు వందల మంది ఒకే స్కూల్లో చేరితే దానికి పది వస్తుంది. ర్యాంకులు వచ్చే పిల్లలను ఏరి చేర్చుకుని, ఆ ర్యాంకులన్నీ తమ ఘనతేనని కూడలిలో హోర్డింగు కట్టే కాలేజీలు మనకు కొత్త కావు. ఆ హోర్డింగు కిందుగా పోతూ "వీళ్లు చదివించేదేముంది, పిల్లలే చదివేవాళ్లు" అని ఎగతాళి చేసిన మనిషే, సముద్రం దాటాక పచ్చరంగు పది ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు.

సగటు మార్కు ఒకటి, చదువులో ఎదుగుదల ఇంకొకటి. మూడో తరగతిలో ఎక్కడున్న పిల్లవాడు ఎనిమిదో తరగతికి ఎక్కడికి చేరాడన్నది రెండోది. స్టాన్‌ఫర్డ్‌ పరిశోధకుడు షాన్ రియర్డన్ దేశంలోని 11 వేలకు పైగా స్కూల్ డిస్ట్రిక్టుల మార్కులు పోగేసి 2017లో చూపించింది ఇదే. పిల్లలు ఎదిగే వేగానికీ ఆ ఊరి సంపదకూ ఉన్న సంబంధం చాలా పలుచన. ఆ లెక్కలో మెరిసింది ఏ ధనిక శివారో కాదు, అందరూ పెదవి విరిచే షికాగో పబ్లిక్ స్కూళ్లు. అక్కడి పిల్లలు అయిదేళ్లలో దాదాపు ఆరేళ్ల చదువు నేర్చుకున్నారు, వాళ్ల సగటు మార్కు మాత్రం తక్కువే. పదికిపది గారి షీటులో షికాగో మొదటి వడపోతలోనే ఎర్రబడుతుంది. రేటింగులిచ్చే సంస్థకూ ఈ గొడవ తెలుసు. 2017లోనూ 2020లోనూ లెక్కకట్టే పద్ధతి మార్చి ఎదుగుదలకు బరువు పెంచింది. మధ్యలో 2019లో చాక్‌బీట్ అనే విద్యావార్తల పత్రిక, ఈ రేటింగులు కుటుంబాలను తెల్లవాళ్లూ డబ్బున్నవాళ్లూ ఎక్కువగా ఉన్న స్కూళ్ల వైపే నడిపిస్తున్నాయని లెక్కలతో రాసింది. ఆ సైటులోనే ఎదుగుదల మార్కు విడిగా కనిపిస్తుంది. కొంచెం కిందికి జరపాలి, అంతే. పదికిపది గారు కిందికి జరపరు. ఎక్సెల్‌లో నలభై గడులు నింపే మనిషికి ఇది బద్ధకం కాదు, కిందికి జరిపితే పది చెదిరిపోతుందేమోనన్న భయం.

ఆయన మొదటి సమాధానం నాకు తెలుసు. "చదువు సంగతి సరే అన్నా, రీసేల్ మాటేమిటి?" ఇది గట్టి వాదనే, దీన్ని కొట్టిపారేయలేం. సాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త బోస్టన్ శివార్లలో స్కూలు హద్దుకు అటూ ఇటూ ఉన్న ఇళ్లను పోల్చి 1999లో ఒక వ్యాసం రాసింది. ఊరు అదే, పన్ను అదే, మధ్యలో ఉన్నది ప్రాథమిక పాఠశాల హద్దు ఒక్కటే. పరీక్ష మార్కులు 5 శాతం ఎక్కువున్న వైపు ఇళ్లకు జనం సుమారు 2.5 శాతం ఎక్కువ ఇస్తున్నారని తేలింది. కాబట్టి ఆయన డబ్బు గాలికి పోవడం లేదు. అయితే ఆ వ్యాసం చెప్పింది తల్లిదండ్రులు మార్కులకు ఎంత వెల కడుతున్నారన్నదే, ఆ వెలకు ఎంత చదువు వస్తుందన్నది కాదు. పైగా రీసేల్ కోసమే కొంటున్నానని ఒప్పుకున్న క్షణం "అంతా పిల్లల కోసమే కదండీ" అన్న మాటను ఆయన వదులుకోవాలి. రెండూ ఒకే నోటితో అనడం ఆయన ప్రత్యేకత. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని సంబరపడి వచ్చిన మనిషికి ఇంటి పన్ను చీటీ వచ్చే రోజు ఇంకో పాఠం ఉంటుంది. అందులో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్టుదే, పిల్లలు కాలేజీకి వెళ్లిపోయాక కూడా.

రెండో సమాధానం బరువైనది. చుట్టూ ఉండే మనుషులు, స్నేహితులు, వీధి పిల్లవాడి బతుకును మారుస్తాయి కదా అంటారు. నిజమే, మారుస్తాయి. కటిక పేదరికం ఉన్న పేటల నుంచి మెరుగైన చోటికి 13 ఏళ్ల లోపు మారిన పిల్లలు పెద్దయ్యాక సుమారు 31 శాతం ఎక్కువ సంపాదించారని ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2016లో చూపింది. కానీ ఆ కుటుంబాలు దాటిన దూరం ఎంత, పదికిపది గారు దాటాలనుకుంటున్నది ఎంత? ఆయన ఎనిమిది నుంచి పదికి వెళ్తున్నారు. రెండు చోట్లా అదే గ్రంథాలయం, అవే ఈత కొలనులు, అవే దోసెల బండ్లు. ఆ రెండు మార్కుల తేడాను సరిచేసేదీ తలకిందులు చేసేదీ చాలాసార్లు ఆ ఏడాది పిల్లకు పడిన టీచరే. ఒకే స్కూల్లో రెండు గదుల మధ్య ఉండే ఆ తేడాను ఏ సైటూ ఇంటి ధర పక్కన చూపించదు.

అసలు హాస్యం పిల్లకు హైస్కూలు దగ్గరపడ్డాక మొదలవుతుంది. 1997లో టెక్సస్ ఒక చట్టం చేసింది. ఏ హైస్కూల్లోనైనా సరే, తరగతిలో పై 10 శాతంలో ఉన్నవాళ్లకు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం. గిరాకీ ఎక్కువై ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ దాన్ని తగ్గిస్తూ వచ్చి, 2026 ప్రవేశాలకు 5 శాతం దగ్గర ఆపింది. లెక్కించేది ఏ స్కూలుకా స్కూలే. అంటే పది రేటింగు వెతికి వెతికి, తనలాంటి వాళ్లందరినీ ఒకచోట పోగేసి, వాళ్లందరి పిల్లల మధ్య తన పిల్లను నిలబెట్టి, ఇప్పుడు వాళ్లలో పై 5 శాతంలోకి రమ్మంటున్నారు. ఏడు రేటింగు స్కూల్లో వరసలో ముందుండగలిగిన పిల్ల ఇక్కడ మధ్యలో ఎక్కడో ఉంటుంది. "అయినా సీఎస్ సీటు గ్యారంటీ కాదుగా అన్నా" అంటారాయన, అదీ నిజమే. కానీ ఎనిమిదో తరగతి వేసవిలో ఇదే మనిషి ఎక్సెల్ షీటు మళ్లీ తెరుస్తారు. ఈసారి వెతికేది "కాంపిటీషన్ కాస్త తక్కువున్న" హైస్కూలు. నిన్నటి దాకా ఎర్రగా ఉన్న వరసలు ఒక్కొక్కటే పచ్చబడుతుంటాయి.

ఇంకా ఇల్లు కొనని పాఠకులకు ఒక్క మాట. ఫ్రిస్కో జనాభా 1990లో 6 వేలు, 2020 నాటికి 2 లక్షలు. ఇంత వేగంగా పెరిగే చోట కొత్త స్కూలు తెరిచినప్పుడల్లా హద్దులు తిరగరాస్తారు. ఆ ఊరి పేరున్న ఇళ్లన్నీ ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్టులోనే ఉండవు, కొన్ని లూయిస్‌విల్‌కూ కొన్ని ప్రాస్పర్‌కూ పోతాయి. హద్దు గీసేది స్కూలు బోర్డు, బ్యాంకూ కాదు, ఏజెంటూ కాదు. ముప్పై ఏళ్ల అప్పు మీద సంతకం పెట్టే కాగితాల కట్టలో స్కూలు పేరు ఎక్కడా రాసి ఉండదు.