మెనూ మహాప్రభో, జయీభవ!

లినక్స్ డెస్క్‌టాప్ సామ్రాజ్య సింహాసనాధీశ్వరా, సకల సాఫ్ట్‌వేర్ సమూహ ద్వారపాలక శిఖామణీ, అప్లికేషన్ మెనూ మహాప్రభో! జాబితాలో ఒక పేరు మార్చుకుందామన్న అల్పమైన కోరికతో వచ్చిన సామాన్యుణ్ణి, కోరిక తీర్చి పంపేస్తే చెడిపోతాడని ఎంచి, ముందుగా శాస్త్రాధ్యయనం చేయించి గాని కరుణించని తమ వాత్సల్యాన్ని ఏమని పొగిడేది!

ఒకే చోట కొలువుంటే ప్రజలకు అలుసైపోతామని తమరు పలు రాజధానులు కట్టుకున్నారు. యూఎస్ఆర్‌లోని షేర్‌లోని అప్లికేషన్స్ ఫోల్డర్ ఒకటి. ఇంటి ఫోల్డర్‌లో, చుక్కతో మొదలై కంటికి కనబడని లోకల్ అడుగున మరొకటి. ఫ్లాట్‌ప్యాక్ దొరలకూ స్నాప్ దొరలకూ వేర్వేరు విడిదులు. ప్రోగ్రాం పేరూ ఆదేశమూ రాసి ఉండే డెస్క్‌టాప్ ఫైల్ మూలప్రతిని ముట్టుకోకుండా, అదే పేరుతో ఇంట్లోకి నకలు తెచ్చుకుని దిద్దుకొమ్మన్నది తమ ఆనతి. అలా దిద్దుకున్నాక అప్‌డేట్లు మూలప్రతికి ఎన్ని మెరుగులు దిద్దినా, నకలు అడ్డంగా నిలబడి ఒక్కటీ మెనూ దాకా రానివ్వదు. పాతదనం మీద ఇంతటి భక్తి ఇంకే కొలువులో ఉంది?

తమ సత్యసంధత గురించి చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. ప్రోగ్రాం పనిచేస్తూ ఉండాలి, మెనూలో మాత్రం కనబడకూడదు అంటే రాయవలసింది నోడిస్‌ప్లే. హిడెన్ అని రాస్తే అసలా ఎంట్రీ లేనట్టే లెక్క. దానికి డిలీటెడ్ అని పేరుపెట్టి ఉండవలసిందని ఫ్రీడెస్క్‌టాప్ వారి డెస్క్‌టాప్ ఎంట్రీ స్పెసిఫికేషనే స్వయంగా చెబుతోంది. తప్పు తెలియగానే దిద్దేసుకునే తొందరపాటు తమ వంశంలో లేదు. తప్పును శిలాశాసనంగా నిలిపి, ఇది తప్పేనని దాని పక్కనే చెక్కించి, తరతరాలకు భద్రంగా అందించే ధీరోదాత్తులు తమరు! ఇక వాటికి విలువగా క్యాపిటల్ టీతో రాసిన ట్రూ తమ ధర్మశాస్త్రంలో సత్యమే కాదు. చిన్న టీ పెట్టుకుని వచ్చిన సత్యానికే ప్రవేశం.

ప్రోగ్రాంను నడిపే ఆదేశం ఉండే ఎగ్జెక్ వరుసలో తమ దర్పం చూసి తీరాలి. టెర్మినల్ అయితే అలల గుర్తు కనబడగానే చనువుగా ఇంటిదారి పట్టిస్తుంది. తమ సమక్షంలో అల అలే. శాతం గుర్తు ఒకటి కావాలంటే రెండు చెల్లించుకోవాలి. కొటేషన్ల నడుమ ఒక్క బ్యాక్‌స్లాష్ కోరితే నాలుగు. నాలుగింతల కప్పం కట్టించుకుని ఒక్కటి ప్రసాదించే ఈ దాతృత్వం ముందు శిబి, కర్ణుడు ఏపాటి!

తెలుగు మీద తమ మమకారం మరీ గుండె తడుపుతుంది. డెస్క్‌టాప్‌ను తెలుగులో పెట్టుకున్న భక్తుడు ఫైల్ తెరిచి, పైన కనబడిన నేమ్ వరుసలో తనకు నచ్చిన పేరు రాసి, సేవ్ చేసి, మెనూ తెరుస్తాడు. పాత పేరే పలకరిస్తుంది. లాగవుటై వచ్చినా అదే పలకరింపు. కిందికి, ఇంకా కిందికి, ప్రపంచ భాషలన్నీ దాటుకుంటూ దిగితే, తమిళానికీ థాయ్‌కీ నడుమ టీ, ఈ అనే రెండక్షరాలను బ్రాకెట్లలో పొదువుకుని ఇంకో నేమ్ వరుస ఒద్దికగా కూర్చుని ఉంటుంది. తెలుగువాడికి చూపేది దాన్నే. మాతృభాషలో ఒక పేరు దిద్దుకునే నెపంతో విశ్వభాషాదర్శనం చేయించే పుణ్యం తమరికి కాక ఎవరికి దక్కాలి!

తమ మర్యాద మాత్రం అన్నిటికీ మకుటం. ట్రైఎగ్జెక్‌లో రాసిన ప్రోగ్రాం సిస్టమ్‌లో దొరక్కపోతే, ఇక్కడ ఇది తప్పయ్యా అని మొహం మీద అనే మోటుతనం తమకు చేతకాదు; మౌనంగా ఎంట్రీని తప్పించి, మనవాడి పరువు కాపాడతారు. ఫైల్ రాతలో తప్పులుంటే ఎత్తిచూపగల డెస్క్‌టాప్ ఫైల్ వ్యాలిడేట్ అనే మహావిద్వాంసుడు తమ ఆస్థానంలో ఉన్నాడు గాని, ఆయన దర్శనానికి టెర్మినల్ దాకా నడవాలి; తమ మెనూలో ఆయన పేరుండదు. సొంత పండితుడికి కూడా చోటివ్వని ఆ నిష్పక్షపాతానికి సాష్టాంగ నమస్కారం!